ఇంజను నీటి మార్గాల శుభ్రత

ఇంజను నీటి మార్గాల శుభ్రత అనగా నీటితో చల్లబడే ఇంజనులో సిలిండరు చుట్టూ, హెడ్డులో, రేడియేటరులో ఉండే నీటి దారులలో ఏళ్ల తరబడి పేరుకున్న సున్నపు పెచ్చును, తుప్పును, బురదను తొలగించే పని. పాత ఆయిలింజన్లు, ట్రాక్టర్లు, లారీలు, జనరేటర్లలో ఈ పని అవసరమవుతుంది. బావి నీరు, బోరు నీరు కఠినజలమైన ప్రాంతాలలో ఈ సమస్య మరీ ఎక్కువ. నంద్యాల జిల్లాలోని నందికొట్కూరు పరిసరాలు ఇందుకు మంచి ఉదాహరణ.

సున్నపు పెచ్చు, తుప్పు ఒకేచోట కనిపించినా వాటి పుట్టుక వేరు, నివారణ కూడా వేరు. పెచ్చు నీటిలోని లవణాల నుండి వస్తుంది. తుప్పు ఇంజను ఇనుము నుండే వస్తుంది. మృదుజలం పోస్తే పెచ్చు ఆగుతుంది గాని తుప్పు ఆగదు. ఈ తేడా తెలియక ఒకదానికే మందు వేయడం వలన శుభ్రపరచిన ఇంజన్లు కూడా కొద్ది కాలానికే మళ్ళీ వేడెక్కుతుంటాయి.

విషయ సూచిక
1. చల్లబరచే పద్ధతులు
2. నందికొట్కూరు ప్రాంతపు నీరు
3. పేరుకునే పదార్థాలు
4. కలిగే నష్టం
5. గుర్తించడం
6. శుభ్రపరచే ముందు పరిశీలన
7. తొలగించే పద్ధతులు
8. నిమ్మ ఉప్పుతో శుభ్రపరచే క్రమం
9. జాగ్రత్తలు
10. నివారణ
11. ఇవి కూడా చూడండి

చల్లబరచే పద్ధతులు

డీజిల్ మండినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మిగిలిన దానిలో కొంత పొగతోపాటు బయటకు పోతుంది, దాదాపు నాలుగవ వంతు సిలిండరు గోడలలోకి చేరుతుంది. ఈ వేడిని తీసివేయడానికి సిలిండరు చుట్టూ నీరు నిలిచే ఖాళీని పోతపోసేటప్పుడే ఏర్పరుస్తారు. దీనిని నీటి జాకెట్టు అంటారు. వ్యవసాయ ఇంజన్లలో ముఖ్యంగా నాలుగు పద్ధతులు కనిపిస్తాయి.

* తొట్టి పద్ధతి: సిలిండరుపై మూత లేని తొట్టి ఉంటుంది. నీరు మరిగి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. తగ్గిన నీటిని మళ్ళీ పోస్తూ ఉండాలి.
* ట్యాంకు పద్ధతి: వేడెక్కిన నీరు తేలికై పైగొట్టం ద్వారా ట్యాంకులోకి, చల్లని నీరు కిందిగొట్టం ద్వారా ఇంజనులోకి తమంతట తామే ప్రవహిస్తాయి. దీనికి పంపు అవసరం లేదు.
* పారే నీటి పద్ధతి: పొలానికి నీరు తోడే పంపు నుండే ఒక సన్నని గొట్టం ఇంజనులోకి కలుపుతారు. నీరు జాకెట్టులో తిరిగి కాలువలోకి పోతుంది.
* రేడియేటరు పద్ధతి: ట్రాక్టర్లు, లారీలలో నీటి పంపు, థర్మోస్టాటు, ఫ్యాను, రేడియేటరు కలిసి ఒకే నీటిని తిప్పుతూ ఉంటాయి.

తొట్టి, పారే నీటి పద్ధతులలో ఎప్పటికప్పుడు కొత్త నీరు వస్తుంది. అంటే కొత్త లవణాలు, కొత్త ప్రాణవాయువు వస్తాయి. నాలుగవదానిలో నీరు కారకుండా ఉన్నంత కాలం లోపలి లవణాలు ఒకసారి పేరుకొని ఆగిపోతాయి. కారుతున్న రేడియేటరులో రోజూ బోరు నీరు పోస్తూ పోతే అది కూడా తొట్టి ఇంజనుతో సమానమే.

నందికొట్కూరు ప్రాంతపు నీరు

నందికొట్కూరు కర్నూలు నుండి ఆత్మకూరు వెళ్ళే రహదారిపై ఉన్న పట్టణం. ఇది 2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆ రోజున ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. పూర్వపు కర్నూలు జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 670 మి.మీ. మాత్రమే. అందువలన సేద్యం కాలువలపై, బావులు, బోర్లపై ఆధారపడింది.

ఈ జిల్లాలలోని నేల అడుగున భూగర్భ శాస్త్రజ్ఞులు "కర్నూలు సముదాయం" అని పిలిచే రాతి పొరలు విస్తరించి ఉన్నాయి. వీటిలో నార్జి సున్నపురాయి, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు ముఖ్యమైనవి. బెలుం గుహలు ఏర్పడినది కూడా ఇటువంటి సున్నపురాతిలోనే. వర్షపు నీరు నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ కరిగిన సున్నమే బావి నీటిలో కాల్షియం బైకార్బొనేటుగా ఉంటుంది. గుహను తొలిచిన చర్యే ఇంజనులో తిరగబడుతుంది. నీరు వేడెక్కగానే వాయువు బయటకు పోయి, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా మారి లోహపు గోడకు అంటుకుంటుంది.

దీనికి భిన్నంగా కర్నూలు - కడప కాలువ (కె.సి. కాలువ) నీరు తుంగభద్ర నది నుండి వస్తుంది. 1863 - 1870 మధ్య మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్విన ఈ కాలువను ప్రభుత్వం 1882లో కొనుగోలు చేసింది. సుంకేసుల వద్ద మొదలై నందికొట్కూరు ప్రాంతం మీదుగా నంద్యాల వైపు సాగుతుంది. సున్నపురాతి బావుల నీటితో పోలిస్తే నదీజలంలో కఠినత్వం సాధారణంగా తక్కువ. అయితే వరద కాలంలో ఒండ్రుమట్టి ఎక్కువగా ఉంటుంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే నీరు దొరకనిచోట 600 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. అంటే మనిషి తాగడానికి పనికివచ్చే నీరు కూడా ఇంజనుకు పనికిరాకపోవచ్చు. ఉదాహరణకు 5 హార్స్‌పవర్ తొట్టి ఇంజను పూర్తి బరువుతో నడిచినప్పుడు గంటకు సుమారు మూడు లీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. లీటరుకు 400 మి.గ్రా. కఠినత్వం గల నీటితో రోజుకు 8 గంటలు నడిపితే 24 లీటర్ల నీరు, అందులో దాదాపు 10 గ్రాముల సున్నపు లవణాలు లోపలికి చేరుతాయి. నీరు ఆవిరైనా లవణాలు ఆవిరి కావు. 100 రోజులకు ఇది సుమారు ఒక కిలో అవుతుంది. అందులో కొంత బురదగా అడుగుకు దిగుతుంది, మిగిలినది గోడలకు పడుతుంది.

పేరుకునే పదార్థాలు

* కాల్షియం కార్బొనేటు: తెల్లని లేదా లేత గోధుమరంగు గట్టి పెచ్చు. తాత్కాలిక కఠినత్వం వలన ఏర్పడుతుంది. ఆమ్లంలో నురుగు కక్కుతూ కరుగుతుంది.
* కాల్షియం సల్ఫేటు: శాశ్వత కఠినత్వం వలన ఏర్పడుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ దీని కరిగే గుణం తగ్గుతుంది కనుక అత్యంత వేడిగా ఉన్న గోడ మీదనే ముందుగా పడుతుంది. మామూలు ఆమ్లాలకు సులభంగా లొంగదు.
* సిలికా, మట్టి: బోరు నీటి ఇసుక, వరద నీటి ఒండ్రు, పోత పోసినప్పుడు మిగిలిన అచ్చు ఇసుక. ఇవి ఆమ్లంలో కరగవు. గీకి, కడిగి తీయవలసిందే.
* ఎర్ర తుప్పు: నీటిలోని ప్రాణవాయువు ఇనుముతో కలిసి ఏర్పడేది. పోయిన ఇనుము కంటే రెండు రెట్లకు పైగా స్థలం ఆక్రమిస్తుంది. అందుకే సన్నని దారులు పూడిపోతాయి.
* నల్ల తుప్పు: ప్రాణవాయువు తక్కువగా ఉన్నచోట ఏర్పడే మాగ్నటైటు. అయస్కాంతానికి అంటుకుంటుంది.
* నూనె జిడ్డు: గాస్కెట్టు దెబ్బతిని ఇంజను ఆయిలు నీటిలో కలిసినప్పుడు ఏర్పడుతుంది. దీనిని ముందుగా తీయకపోతే ఆమ్లం పెచ్చును తాకదు.

కలిగే నష్టం

పోత ఇనుము వేడిని బాగా ప్రసరింపజేస్తుంది. సున్నపు పెచ్చు ఆ శక్తిలో ఇరవై ఐదవ వంతుకు మించి ప్రసరింపజేయలేదు. అంటే ఒక మిల్లీమీటరు పెచ్చు కనీసం 25 మిల్లీమీటర్ల ఇనుము అడ్డుగా ఉన్నట్లే. లోపలి గోడ వేడెక్కుతూ ఉన్నా, పెచ్చుకు ఇవతల ఉన్న నీరు మామూలుగానే కనిపించవచ్చు. నీటి వేడిని చూపే ముల్లు పచ్చగీతలో ఉన్నంత మాత్రాన ఇంజను క్షేమమని చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

వేడి ఎక్కువైనచోట ఆయిలు పలుచనై పిస్టను, లైనరు ఒరుసుకుంటాయి. పిస్టను రింగులు బిగుసుకుపోతాయి. హెడ్డు వంగి గాస్కెట్టు ఊడుతుంది, వాల్వుల మధ్య పగులు ఏర్పడుతుంది. వేడెక్కిన ఇంజనులో ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే బ్లాకు పగిలే ప్రమాదం కూడా ఉంది. నారుమడి వేశాక, లేదా పైరు పొట్టదశలో ఉండగా ఇంజను పట్టేస్తే రైతుకు కలిగే నష్టం మరమ్మత్తు ఖర్చుతో ఆగదు. తడి అందక పైరే పోతుంది.

పంపుకు దూరంగా ఉండే చివరి సిలిండరు చుట్టూ, జాకెట్టు అడుగు భాగంలో నీటి వేగం తక్కువ. బురద, తుప్పు ముందుగా పేరుకునేది అక్కడే.

గుర్తించడం

ఇంజను వేడెక్కడానికి పెచ్చు ఒక్కటే కారణం కాదు. ఫ్యాను బెల్టు వదులు కావడం, రేడియేటరు రెక్కలలో పొట్టు, దుమ్ము చిక్కుకోవడం, థర్మోస్టాటు మూసుకొని ఉండిపోవడం, డీజిల్ చిమ్మే సమయం తప్పడం, గాస్కెట్టు పోవడం వంటివి ముందుగా చూసుకోవాలి. నీటిలో ఎడతెగకుండా బుడగలు వస్తుంటే అది గాస్కెట్టు లేదా హెడ్డు లోపానికి గుర్తు. శుభ్రపరచినందువలన అది నయం కాదు.

పెచ్చు, తుప్పు ఉన్నాయనడానికి సూచనలు:

* బ్లాకు కింద ఉన్న కుళాయి తిప్పినా నీరు రాకపోవడం, తీగతో పొడిచిన తరువాత ఎర్రని బురద రావడం.
* థర్మోస్టాటు గూటిలో, హోసు మూతులలో తెల్లని లేదా ఎర్రని గట్టి పొర కనిపించడం.
* పారే నీటి పద్ధతిలో బయటకు వచ్చే ధార సన్నబడి, మునుపటికంటే వేడిగా ఉండడం.
* రేడియేటరు ఒకవైపు వేడిగా, మరొకవైపు చల్లగా ఉండడం.

ఊడిన పెచ్చు ముక్కపై నిమ్మరసం లేదా వెనిగరు చుక్క వేస్తే దాని రకం కొంతవరకు తెలుస్తుంది. బుసబుస పొంగితే కార్బొనేటు. ఏ మార్పూ లేకపోతే సల్ఫేటు లేదా సిలికా. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఆమ్లం కొనడం డబ్బు వృథా.

శుభ్రపరచే ముందు పరిశీలన

పెచ్చు కొన్నిసార్లు చిల్లులను మూసి ఉంచుతుంది. తుప్పుతో సన్నబడిన కోర్ ప్లగ్గులు, పలుచబడిన రేడియేటరు గొట్టాలు, లైనరు అడుగున ఎండిన రబ్బరు రింగులు పెచ్చు పోగానే కారడం మొదలుపెడతాయి. ఆమ్లం కొత్తగా చిల్లు చేయకపోయినా దాగి ఉన్న చిల్లును బయటపెడుతుంది. లైనరు రింగులు కారితే నీరు ఇంజను ఆయిలులోకి దిగుతుంది, బేరింగులు పోతాయి. కనుక శుభ్రపరచిన తరువాత రెండు మూడు రోజులు ఆయిలు కొలపుల్లను గమనించాలి. ఆయిలు పాలవలె తెల్లబడితే ఇంజను వెంటనే ఆపాలి. సీజను మధ్యలో కాకుండా, పని లేని వేసవిలో ఈ పని పెట్టుకోవడం మంచిది.

ఏయే లోహాలున్నాయో కూడా ముందే తెలుసుకోవాలి. పాత ఆయిలింజన్లలో ఎక్కువ భాగం పోత ఇనుమే. కొన్ని ట్రాక్టర్లు, కార్లలో హెడ్డు, పంపు, థర్మోస్టాటు గూడు అల్యూమినియంతో చేసి ఉంటాయి. అల్యూమినియాన్ని గాఢ ఆమ్లమూ, గాఢ క్షారమూ రెండూ తినివేస్తాయి.

తొలగించే పద్ధతులు

చేతిపని: పక్క మూతలు, కోర్ ప్లగ్గులు తీసి తీగలు, సన్నని ఇనుప చువ్వలతో బురదను కదిలించి, నీటి ధారతో కడగడం. నీరు మామూలుగా ప్రవహించే దిశకు ఎదురుగా ధార పెడితే ఇరుక్కున్న ముక్కలు సులభంగా బయటకు వస్తాయి. ఎంత బురద చేతితో తీస్తే అంత ఆమ్లం ఆదా అవుతుంది.

చాకలి సోడా (సోడియం కార్బొనేటు): రెండు విధాల ఉపయోగం. ఇది నూనె జిడ్డును వదిలిస్తుంది. అలాగే వేడి ద్రావణాన్ని కొన్ని గంటలు నిల్వ ఉంచితే గట్టి కాల్షియం సల్ఫేటు క్రమంగా కార్బొనేటుగా మారి, తరువాతి ఆమ్లానికి లొంగుతుంది. అల్యూమినియం భాగాలుంటే వాడరాదు.

నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం): కిరాణా అంగళ్ళలో దొరుకుతుంది. సున్నాన్నీ, తుప్పునూ రెంటినీ కరిగిస్తుంది. ఒక కిలో సున్నపు పెచ్చుకు సుమారు 1.3 కిలోల నిమ్మ ఉప్పు ఖర్చవుతుంది. కాల్షియం సిట్రేటు నీటిలో తక్కువగా కరుగుతుంది కాబట్టి పెచ్చు మందంగా ఉన్నప్పుడు ఒకేసారి గాఢమైన ద్రావణం పోయడం కంటే పలుచని ద్రావణాన్ని రెండు మూడుసార్లు మార్చడం మేలు.

సల్ఫామిక్ ఆమ్లం: పొడి రూపంలో దొరుకుతుంది. దీనితో ఏర్పడే కాల్షియం లవణం నీటిలో బాగా కరుగుతుంది. అందువలన మందమైన సున్నపు పెచ్చుకు తగినది. తుప్పుపై ప్రభావం తక్కువ.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం: అతి వేగంగా పనిచేస్తుంది. అయితే పెచ్చు పోయిన మరుక్షణం ఇనుమును తినడం మొదలుపెడుతుంది. బాయిలర్లలో దీనిని లోహరక్షక మందులు కలిపి, శిక్షణ పొందినవారే వాడతారు. స్నానాల గదులు కడిగే ఆమ్లాన్ని నేరుగా ఇంజనులో పోయడం హానికరం.

బెల్లపు మడ్డి (మొలాసిస్): ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీరు కలిపి, విప్పిన ఇనుప భాగాలను రెండు మూడు వారాలు నానబెడితే తుప్పు మెత్తబడి వదులుతుంది. మంచి ఇనుముకు హాని తక్కువ. పులిసిన వాసన, ఆలస్యం దీని లోపాలు. సున్నపు పెచ్చుకు దీనిపై ఆధారపడలేము. అల్యూమినియం భాగాలను ఇందులో వేయరాదు.

నిమ్మ ఉప్పుతో శుభ్రపరచే క్రమం

ఈ క్రమం ముఖ్యంగా పోత ఇనుప ఇంజన్లకు వర్తిస్తుంది. తయారీదారుల పుస్తకంలో వేరే సూచన ఉంటే దానినే పాటించాలి.

1. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత రేడియేటరు, బ్లాకు కుళాయిలు రెండూ తిప్పి నీటిని తీసివేయాలి. రేడియేటరు కుళాయి ఒక్కటే తిప్పితే జాకెట్టు అడుగున నీరు, బురద అలాగే ఉండిపోతాయి.
2. థర్మోస్టాటు తీసివేయాలి. వీలైతే రేడియేటరును విడదీసి వేరుగా కడగాలి. లేకపోతే బ్లాకు నుండి ఊడిన పెచ్చు ముక్కలు రేడియేటరు సన్నని గొట్టాలలో చిక్కుకుంటాయి.
3. చేతికి అందిన బురదను తీసి, ఎదురు ధారతో నీరు తేటగా వచ్చే వరకు కడగాలి.
4. నూనె జిడ్డు ఉంటే చాకలి సోడా నీటితో కడిగి, మంచినీటితో మరొకసారి కడగాలి.
5. లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు ప్లాస్టిక్ బక్కెట్టులో కరిగించి, 50 - 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో నింపాలి. నురుగు పొంగుతుంది కాబట్టి పైన ఖాళీ వదలాలి, మూత బిగించరాదు.
6. రెండు, మూడు గంటలు ఉంచాలి. నురుగు ఆగిన తరువాత ద్రావణం కొద్దిగా బయటకు తీసి, అందులో పెచ్చు ముక్క వేయాలి. ముక్క పొంగితే ఆమ్లానికి ఇంకా బలం ఉందని, లోపలి పెచ్చు అయిపోయిందని అర్థం. ముక్క పొంగకపోతే ఆమ్లమే అయిపోయింది, ద్రావణం మార్చాలి.
7. ద్రావణాన్ని తీసివేసి రెండు, మూడుసార్లు మంచినీటితో కడగాలి.
8. లీటరుకు 10 గ్రాముల వంట సోడా కలిపిన నీటిని నింపి పావుగంట ఉంచి, తీసి, మళ్ళీ కడగాలి.
9. ఆలస్యం చేయకుండా తుప్పు నిరోధక ద్రవం కలిపిన నీటిని నింపాలి. ఆమ్లంతో కడిగిన ఇనుము గాలి తగిలిన కొద్దిసేపటికే ఎర్రబడుతుంది. ఈ ఒక్క మెట్టు దాటవేస్తే పడిన శ్రమలో సగం వృథా.
10. కొన్ని గంటలు నడిపిన తరువాత కిందికి దిగిన మడ్డిని తీసి, నీటిని మరొకసారి మార్చాలి.

జాగ్రత్తలు

* వేడి ఇంజను రేడియేటరు మూత తీయరాదు. ఒత్తిడిలో ఉన్న మరుగునీరు ముఖంపై చిమ్ముతుంది.
* కంటి అద్దాలు, రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. ఆమ్లాన్ని నీటిలో పోయాలి గాని, నీటిని ఆమ్లంలో పోయరాదు.
* ఆమ్లం ఇనుముతో కలిసినప్పుడు మండే గుణం గల హైడ్రోజను వెలువడుతుంది. బీడీ, దీపం, వెల్డింగు దగ్గరకు రానీయరాదు. గాలి ఆడే చోటనే పనిచేయాలి.
* ఆమ్లాన్ని బ్లీచింగు పొడితో కలిపితే విషపూరితమైన క్లోరిను వాయువు పుడుతుంది.
* వాడిన ద్రావణాన్ని సోడాతో విరిచిన తరువాతనే పారబోయాలి. బావి గట్టున, పశువులు తాగే తొట్టి వద్ద, కాలువలో పోయరాదు.

నివారణ

పెచ్చును ఆపడానికి నీటిని మార్చాలి. వాన నీరు, బ్యాటరీలలో పోసే శుద్ధజలం, ఖనిజాలు తీసిన నీరు ఉత్తమం. అవి లేనిచోట తేర్చి వడగట్టిన కాలువ నీరు సున్నపురాతి బోరు నీటి కంటే మెరుగు. బోరు నీరే దిక్కైతే దానిని మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లని మడ్డి దిగాక పైతేట మాత్రమే వాడవచ్చు. దీనితో తాత్కాలిక కఠినత్వం పోతుంది, శాశ్వత కఠినత్వం పోదు. తొట్టి ఇంజనులో లవణాలు చిక్కబడకుండా అప్పుడప్పుడు మొత్తం నీటిని తీసి కొత్తగా నింపాలి.

తుప్పును ఆపడానికి నీటిని మార్చితే చాలదు. వాన నీటిలో సున్నం లేకపోయినా ప్రాణవాయువు కరిగి ఉంటుంది, కనుక అది ఇనుమును తుప్పు పట్టిస్తుంది. రేడియేటరు ఇంజన్లలో తుప్పు నిరోధకాలున్న కూలెంటును శుద్ధజలంతో కలిపి పోయాలి, నిర్ణీత గడువుకు మార్చాలి. వేర్వేరు రకాల కూలెంట్లను కలపరాదు. రాయలసీమలో నీరు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంటు అవసరం లేదన్న అభిప్రాయం సరికాదు. ఇక్కడ దాని ముఖ్య ప్రయోజనం తుప్పును ఆపడం, మరిగే ఉష్ణోగ్రతను పెంచడం. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. కారిన ద్రవాన్ని పశువులు, కుక్కలు, పిల్లలు తాకకుండా చూడాలి.

తొట్టి, పారే నీటి పద్ధతులలో కూలెంటు నిలవదు. అటువంటి ఇంజన్లకు ట్యాంకు అమర్చి అదే నీటిని తిప్పుకుంటే పెచ్చు, తుప్పు రెండూ తగ్గుతాయి. సీజను ముగిసి ఇంజనును నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు జాకెట్టును సగం నీటితో వదలరాదు. నీరు, గాలి కలిసేచోటనే తుప్పు ఎక్కువగా పడుతుంది. నీటినంతటినీ తీసి ఆరబెట్టడం గాని, తుప్పు నిరోధకం కలిపిన నీటితో నిండా నింపడం గాని చేయాలి.

ఇవి కూడా చూడండి

* కఠినజలం
* డీజిల్ ఇంజను
* తుప్పు
* సిట్రిక్ ఆమ్లం
* కర్నూలు - కడప కాలువ
* నందికొట్కూరు